అది బోమి చేప కాదు

ఏప్రిల్ 2, ఉదయం రౌండు

మొదటి అంతస్తు, తిండి పులియబెట్టే తొట్లు: పులుపు. పదికి నాలుగు.
రెండో అంతస్తు, నీళ్ళ గది: పాచి. పదికి ఐదు.
మూడో అంతస్తు, బడి వసారా: పిల్లల తలలు, తడి చెప్పులు. పదికి ఆరు.
నాలుగో అంతస్తు, ఆరోగ్య సంఘం ఆఫీసు: కార్యదర్శి రియాంశ్ గారు. పదికి తొమ్మిది.

రిజిస్టర్లో మనుషుల పేర్లు రాయకూడదని పోయినేడాది నాకు తాఖీదు వచ్చింది. వాసన ఎక్కణ్ణించి వస్తోందో రాయమని గడి పెట్టి, అది ఆయన దగ్గర్నించి వస్తుంటే మరొకరి పేరు ఎలా రాయను? ఆయన స్నానం చేసి పదకొండు రోజులైంది. ఆ సంగతి ఈ ఊళ్ళో నలభై వేల మందిలో నాకొక్కదానికే తెలుసు. అదే నా ఉద్యోగం, అదే నా ఖర్మ.

మిగతా అందరికీ ఎడమ ముక్కులో మెంతిగింజంత బిళ్ళ ఉంది. ఏ కంపు తగిలినా అది సంపెంగనో మల్లెనో అని మెదడుకి చెప్పి ఊరుకోబెడుతుంది. సముద్రం రేపల్లెని మింగాక మమ్మల్ని తెచ్చి ఈ కొండ మీద పెట్టి పైన మూత పెట్టారు. కాగితాల మీద దీని పేరు నవరేపల్లె. మేం డబ్బా అంటాం. ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చుకునే చోట ముక్కుతో బతకడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ బిళ్ళ వచ్చాక జనం ఏం చేశారు? స్నానాలు మానేశారు. ఎవరి ఒళ్ళు వాళ్ళకి సంపెంగ తోటలా ఉంటే నీళ్ళెందుకని.

కుళ్ళినదాన్ని కుళ్ళిందని చెప్పేవాళ్ళు కొందరైనా ఉండాలి కాబట్టి మొదట్లో పన్నెండు మందికి బిళ్ళ పెట్టకుండా వదిలేశారు. పదకొండు మంది పోయారు, లేదా బిళ్ళకి లొంగిపోయారు. మిగిలింది నేను, హన్విక, డెబ్బై ఏడేళ్ళు. పిల్లలు ముక్కమ్మమ్మ అంటారు.

ఇవాళ ఇంకో తాఖీదు వచ్చింది. మే ఒకటో తారీకు నించి వాసనలు పట్టే పని గోడలకి పెట్టిన యంత్రాలది. నాకు విశ్రాంతి. కృతజ్ఞతగా బిళ్ళ. పెట్టేది మా మనవరాలు యుక్తే, బిళ్ళల విభాగంలో దానిదే పెద్ద చెయ్యి.

"ఇన్నేళ్ళు అందరి కంపూ నువ్వే మోశావమ్మమ్మా, ఇక సుఖపడు" అంది. అంటూ నన్ను కావలించుకుంది. పిల్ల బంగారం. తల మాత్రం వారం రోజుల నాటిది.

వ్యాఖ్యల గడి చిన్నది, అందుకని మిగతాది వెనక పేజీలో రాస్తున్నాను. నాకు సుఖం అక్కర్లేదు. నాకు బోమి ఉంది.

ఏప్రిల్ 5, ఉదయం రౌండు

తొట్లు నాలుగు. నీళ్ళ గది ఐదు. బడి ఆరు. రియాంశ్ గారు తొమ్మిదిన్నర.

బోమి టిన్ను వచ్చింది.

బోమి ఎవరో ఈ రిజిస్టరు తనిఖీ చేసే మహానుభావులకి తెలియదు కనక రాస్తున్నాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, కాలేజీల మధ్య విద్యార్థుల మార్పిడి కింద, పులియబెట్టే శాస్త్రం చదవడానికి ఏడాది పాటు కొరియాలో మొక్పో అనే రేవు ఊరికి వెళ్ళాను. హాస్టల్ గదిలో నా పక్క మంచం బోమిది. మొదటి ఆదివారం వాళ్ళ నానమ్మ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళింది. ఆవిడ నా కంచంలో ఒక చేప పెట్టింది. చాటలా వెడల్పుగా, పల్చగా ఉంటుంది, మనవాళ్ళు టేకు అంటారే, ఆ జాతి. ఉప్పైనా వెయ్యకుండా దాన్ని దాని మానాన వారాల పాటు మాగపెడతారు. నోట్లో పెట్టుకోగానే రైల్వే స్టేషన్ మరుగుదొడ్డి తలుపు ఎవరో నా గొంతులో తెరిచినట్టైంది. కళ్ళనీళ్ళు కారుతుండగా "చాలా బాగుందండీ" అన్నాను. ఆవిడ మురిసిపోయి మూడు ముక్కలు వేసింది. తిన్నాను. బయటికొచ్చి గోడవారన కక్కుతుంటే బోమి నా జుట్టు పట్టుకుని, "అబద్ధాలకోరా, నాకూ అది పడదు" అని పడీపడీ నవ్వింది.

మరుసటి ఏడు మార్పిడిలో బోమి రేపల్లె వచ్చింది. మా అమ్మ ఇంట్లో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజీ బియ్యం కడుగూ పోసి, రోజుల తరబడి పులవబెట్టి, పొద్దున్నే తాగేది. బోమి పెద్దల ముందు గ్లాసు ఖాళీ చెయ్యడం మర్యాద అనుకుంది. మా అమ్మ ఖాళీ అయిన గ్లాసు నింపడం మర్యాద అనుకుంది. ఆరు గ్లాసులయ్యాయి. ఆ తరవాత పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో నేను బోమి జుట్టు పట్టుకున్నాను.

అప్పుడే ఒప్పందం చేసుకున్నాం. మా ఇద్దరి మధ్యా మర్యాద నిషేధం. ఏటా ఒకరికొకరు అత్యంత అసహ్యమైనది ఒకటి పంపుకోవాలి. తెరలో ఒకరినొకరు చూసుకుంటూ తినాలి. ముక్కు మూసుకోకూడదు, నీళ్ళు తాగకూడదు, చివర పదికి మార్కు వెయ్యాలి, అబద్ధం చెప్పకూడదు. యాభై ఏడేళ్ళుగా తప్పలేదు. నా పెళ్ళినాడు తప్పలేదు. దాని మొగుడు పోయిన ఏడు తప్పలేదు. ఆ ఏడు నేను పంపిన ఎండురొయ్యల ఇంగువ ముద్ద తిని అది మొదటిసారి ఏడ్చింది. కారణం ఏదైనా మార్కు ఏడుంబావు వేసింది.

ఏప్రిల్ 6, ఉదయం రౌండు

తొట్లు నాలుగు. నీళ్ళ గది ఐదు. బడి ఆరు. రియాంశ్ గారు ఆఫీసుకి రాలేదు. సున్నా. హాయి.

రౌండు అయ్యాక తెర పెట్టుకుని కూర్చున్నాం. నేను పంపిన తరవాణి తెట్టు అది నీళ్ళలో కలుపుకుంది. నేను దాని చేప ముక్కలు కోసుకున్నాను.

"తినవే" అంది బోమి. దాని తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. ఊరు మునిగిపోయినా ఆ యాస మాత్రం మొక్పోలో భద్రంగా ఉంది.

పెట్టుకున్నాను. మా నాన్నగారు, మా తాతగారు, ఆయన తాతగారు ఒక్కసారి కళ్ళ ముందు మెదిలారు.

"యాడ తగిలింది? ముక్కుకా, గొంతుకా, కళ్ళకా?"

"నోట్లో పెట్టుకున్నదాన్ని ఏం ప్రశ్నలే ఇవి?"

"చెప్పవే. ముందు యాడ తగిలింది?"

ఈ మూడేళ్ళుగా ఇదొక చాదస్తం పట్టుకుంది దానికి. తిండి తిననివ్వదు, వైవా పరీక్ష పెడుతుంది. "గొంతు వెనక నించి ముక్కులోకి ఎక్కింది. ఊపిరి వదిలినప్పుడు ఎక్కువ. చాలా?"

అది తరవాణి ఒక్క గుక్కలో తాగి, మొహం అష్టవంకర్లు తిప్పి, "తొమ్మిది" అంది. వరసగా మూడో ఏడు తొమ్మిది. పూర్వం పావులకి, అరలకి నాతో గంట సేపు పోట్లాడేది. ముసలిదైపోతోంది.

నేను ఎనిమిదిన్నర వేశాను. మే ఒకటిన బిళ్ళ సంగతి చెప్పాను.

బోమి గ్లాసు కింద పెట్టింది. "వొద్దని చెప్పవే" అంది.

"చెప్పాను. ముసలాళ్ళ మాట ఇక్కడ సంపెంగలా వినిపిస్తుంది."

"బిళ్ళ పెడితే మన యవ్వారం అయిపోయినట్టేగా?"

"నీ చేప నాకు మల్లెపూవైపోతే ఇంక ఏం మిగుల్తుంది?"

బోమి మొహం తిప్పుకుంది. దానికి ఆ మాట ఎందుకంత గట్టిగా తగిలిందో నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ 8, ఉదయం రౌండు

తొట్లు నాలుగు. నీళ్ళ గది నాలుగున్నర. బడి ఆరు, అదనంగా ఘాటు, కొద్దిగా. కారణం: నా కొంగు. మెట్లెక్కి మూడో అంతస్తులోనే మొహం తుడుచుకుంటాను, మొన్న చేప తిన్న కోక ఇదే. అపరాధం నాది. రియాంశ్ గారు తొమ్మిది.

ఏప్రిల్ 11, ఉదయం రౌండు

బడి ఏడు. కొంగు రెండుసార్లు ఉతికాను. ఘాటు పోలేదు. బోమి ఈ ఏడు చేపని మరీ మాగపెట్టినట్టుంది. దానికి చెప్పను, పొంగిపోతుంది.

పిల్లలు కళ్ళు నులుముకుంటున్నారు. డాక్టరు చుక్కల మందు ఇచ్చాడని పంతులమ్మ చెప్పింది. "కళ్ళే మంటమ్మమ్మా, వసారా మటుకు ఎంత కమ్మగా ఉందో! ఈ వారం సంపెంగ ఎక్కువైంది" అంది. ఆవిడ ఒంటి మీది జాకెట్టు గురించి వేరే పేజీ కావాలి.

ఏప్రిల్ 14, ఉదయం రౌండు

బడి ఎనిమిది. వేరే కోక కట్టుకున్నాను. అయినా వచ్చింది. వేళ్ళకి పట్టి ఉంటుందని చింతపండు పెట్టి తోమాను.

రియాంశ్ గారు పిలిపించారు. ఆయన గదిలో గోడ యంత్రం పచ్చదీపంతో మెరుస్తోంది.

"హన్వికమ్మ గారూ, మీరు బడి వసారాకి ఎనిమిది వేశారు. యంత్రం సున్నా చూపిస్తోంది. మీ ఇంట్లో ఏదో విదేశీ చేప ఉందట కదా?"

"ఉందండీ. నా వేళ్ళదే ఆ వాసన."

"మరి మీ వేళ్ళ వాసనని బడి ఖాతాలో రాస్తే ఎలాగండీ? అందుకే అంటున్నా, పెద్దవారు, మీకెందుకీ శ్రమ. మే దాకా ఆగడం దేనికి, ఇరవయ్యో తారీకునే బిళ్ళ పెట్టించేస్తా." అని చాలా ఆప్యాయంగా ముందుకి వంగారు. స్నానం లేక ఇరవై మూడు రోజులు.

యాభై ఏళ్ళ నా ముక్కు తప్పు చేసిందని నా నోటితోనే ఒప్పుకుని బయటికొచ్చాను. ఇంటికెళ్ళి మిగిలిన చేపని మూడు మూతల కింద పెట్టాను.

ఏప్రిల్ 16, ఉదయం రౌండు

బడి తొమ్మిది.

రౌండు నించి రాగానే బోమికి తెర కలిపాను. ఇరవయ్యో తారీకు సంగతి చెబుదామని. చెప్పేలోపే తిట్టాను.

"ఏం చేపే అది! పది రోజులైంది, ఇంకా నన్ను వదల్లేదు. దాని పుణ్యాన నా ముక్కు పరువు పోయింది."

బోమి నవ్వలేదు. "పది రోజులా? నా చేప రెండు రోజుల కంటే ఉండదే. యాడ వత్తంది?"

"మూడో అంతస్తులో. బడి దగ్గర."

"ఇంట్లో?"

ఆలోచించాను. ఇంట్లో లేదు. కంచం నాకింది ఇంట్లో, కోసింది ఇంట్లో, మూడు మూతల కింద పెట్టింది ఇంట్లో. ఇంట్లో లేదు.

"ముందు యాడ తగులుతంది? సరిగ్గా చెప్పవే. ముక్కుకా, గొంతుకా, కళ్ళకా?"

"కళ్ళకి" అన్నాను. "ముందు కళ్ళు మండుతాయి. తరవాత ముక్కు."

"నా చేప గొంతు వెనకమాల నించి ఎక్కిద్ది. ఊపిరి వదిలితే ఎక్కువయిద్ది. మొన్న నువ్వే చెప్పావ్. ముందు కళ్ళు మండితే అది నా చేప కాదే! నా చేపలోనూ అమ్మోనియా ఉంటది గానీ, ఇది ఉత్త అమ్మోనియా. ఆ బడి గోడ ఎనక ఏముంది?"

ఆ గోడ వెనక తిండి తొట్లని చల్లబరిచే గొట్టం ఉంది. గొట్టంలో అమ్మోనియా ఉంటుంది. గోడకి ఇవతల రెండు వందల మంది పిల్లలు కళ్ళు నులుముకుంటూ ఎక్కాలు చదువుతున్నారు. పులియబెట్టే శాస్త్రంలో పట్టా తీసుకుని, యాభై ఏళ్ళు ముక్కుతో బతికి, ఎనిమిది రోజులుగా నేను కొంగు ఉతుక్కుంటూ, చింతపండుతో వేళ్ళు తోముకుంటూ ఉన్నాను. నా మీద నాకే పుట్టిన ఆ రోతకి మార్కు వెయ్యాలంటే పది చాలదు.

"పరిగెత్తవే, ముసలిదానా!" అంది బోమి.

అదే రోజు, రౌండు కానిది

పరిగెత్తలేదు, డెబ్బై ఏడేళ్ళు. కానీ రియాంశ్ గారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాను. బిళ్ళల సామానుతో యుక్త కూడా అక్కడే ఉంది, ఇరవయ్యో తారీకు ఏర్పాట్లకి.

"బడి ఖాళీ చేయించండి. గొట్టం కారుతోంది."

"యంత్రం సున్నా అంటోందమ్మా."

"ఆ యంత్రం రోజూ పొద్దున్నే చుట్టూ ఉన్న గాలినే మామూలు గాలి అనుకుని లెక్క మొదలెడుతుంది. రోజుకి కాస్త పెరిగితే దానికి తెలియదు. అచ్చం మీలాగే."

"మొన్న మీరే మీ వేళ్ళదన్నారు. ఇవాళ గొట్టం అంటున్నారు. రేపు ఏమంటారు?" ఆయనేమీ కోపంగా అనలేదు. అదే ఇంకా రోత.

ఆయన అన్నది నిజమే. నా తప్పు నా సంతకంతో రిజిస్టర్లో ఉంది. యుక్త వంక చూశాను. అది నా వంక చూసింది. సామాను పెట్టెలోంచి సన్నటి పట్టకారు తీసి, ముక్కులో పెట్టి, బిళ్ళ లాగేసింది. ఇరవై రెండేళ్ళ నాటి బిళ్ళ. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్క ఊపిరి పీల్చింది.

దాని మొహం నేను చచ్చేదాకా మరిచిపోను.

"అమ్మమ్మా... ఏందిది?"

"రియాంశ్ గారు. బడి ఇంకా కింద ఉంది, పద."

రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, రియాంశ్ గారి ఫైళ్ళ మీద కక్కేసింది. నేను దాని జుట్టు పట్టుకున్నాను. ఆయన గులాబీ వాసనేదో వస్తోందని అనుకుంటూ పాపం అలా చూస్తూ ఉండిపోయారు.

మూడో అంతస్తు వసారాలో యుక్త కళ్ళు మూసుకుని కేక పెట్టింది. బిళ్ళల విభాగం పెద్ద కేక పెడితే బడి కదులుతుంది, ముక్కమ్మమ్మ పెడితే కదలదు. పది నిమిషాల్లో పిల్లలందరూ పై అంతస్తుకి ఎక్కారు. గొట్టాల మేస్త్రీ గోడ పగలగొట్టి చూశాడు. గొట్టం అతుకుని తుప్పు సగం తినేసింది.

"ఇంకో వారం ఆగుంటే ఒక్కసారే ఊడేదమ్మా" అన్నాడు, గోడని చూస్తూ, నన్ను కాదు.

ఏప్రిల్ 18, ఉదయం రౌండు

తొట్లు నాలుగు. నీళ్ళ గది ఐదు. బడి: సిమెంటు. రెండు.

ఆరోగ్య సంఘం నాకు సన్మానం చేసింది. శాలువా కప్పారు, అది ఇదివరకు ఎవరికి కప్పిందో నా ముక్కు చెప్పింది. బహుమానం ఏమిటంటే, పన్నెండు పరిమళాల ప్రత్యేక బిళ్ళ. ఊళ్ళో ఇంకెవరికీ లేనిదట. చప్పట్లు.

మైకు ఇచ్చారు. "నా ఉద్యోగం నాకు వదిలేయండి. ఆ బిళ్ళ రియాంశ్ గారి రెండో ముక్కులో పెట్టండి" అన్నాను. యుక్త ముందు వరసలో రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది, బిళ్ళ మళ్ళీ పెట్టుకోలేదు. సభలో లేచి, "నేను పెట్టనండీ మా అమ్మమ్మకి, ఎవరొచ్చి పెడతారో రమ్మనండి" అంది. ఎవరూ లేవలేదు.

ఇంటికొచ్చి బోమికి చెప్పాను. నా ముక్కు నాకు మిగిలింది, వచ్చే ఏడు టిన్ను పంపవే అన్నాను. గంతులేస్తుందనుకున్నాను.

"ఒక మాట చెప్పాలే" అంది. "మూడేళ్ళ కింద చలికాలం నాకు జొరం వచ్చిందిగా. అప్పటి నించి నాకు వాసన లేదు. ఏదీ. నీ తరవాణీ నీళ్ళే, నా చేపా నీళ్ళే."

"తొమ్మిదన్నావు."

"అన్నా."

"మొహం తిప్పావు."

"తిప్పా. నీ మొహం చూస్తా తిప్పా. అందుకేగా నిన్ను అన్నిసార్లు అడిగేదాన్ని, యాడ తగిలిందని. నువ్వు చెప్తే నాకు కొంచెం గుర్తొచ్చేది."

తెర మీదికి వంగి దాని మొహం చూశాను.

"బోమీ" అన్నాను. "నువ్వు నాకు మర్యాద చేశావా? మూడేళ్ళు? నాకు?"

"పంపటం మానేస్తావేమోనని భయమేసిందే. మొన్న నువ్వే అన్నావ్. మల్లెపూవైతే ఇంక ఏం మిగుల్తుందని."

"సిగ్గు లేదూ? మా అమ్మ ముందు ఆరు గ్లాసులు తాగిన దానివి నా ముందు కూడా తాగావా? ఛీ!"

తెర ఆపేశాను. ఈ ఊళ్ళో ఇంతకంటే దుర్గంధమైన సంగతి నేనింతవరకు రిజిస్టర్లో రాయలేదు. పదికి పది.

ఏప్రిల్ 19

రౌండుకి వెళ్ళలేదు. యుక్త వెళ్ళింది. తిరిగొచ్చి నాలుగు చోట్లా పదికి పది వేసింది. కొత్త ముక్కు, నేర్చుకుంటుంది. స్నానం కూడా చేసింది.

"బోమి అమ్మమ్మ రెండుసార్లు పిలిచింది" అంది.

"పిలవనీ."

"ఆవిడ అన్నిసార్లు అడక్కపోతే ఆ పిల్లలు ఏమయ్యేవాళ్ళమ్మమ్మా?"

దాని మాటలో కంపేమీ లేదు, అదే ఇబ్బంది.

ఏప్రిల్ 20, ఉదయం రౌండు

ఒసే బోమీ, ఈ పేజీ నకలు నీకు పంపుతున్నాను. ఇకనించి రోజూ వస్తుంది. ఆరోగ్య సంఘం అభ్యంతరం చెబితే చెప్పనీ.

తిండి తొట్లు: పులుపు. నాలుగు అని రాసి ఊరుకునేదాన్ని, నీకు అది చాలదు. మా అమ్మ కుండ మూడో రోజున మూత తీసినట్టు. మూత తీసీ తియ్యగానే కాదు, నువ్వు నాలుగో గ్లాసు పట్టుకుని ఇంకెన్నున్నాయే అన్నట్టు నా వంక చూశావే, అప్పటిది. ముక్కు చివర మొదలై దవడల దగ్గర ఆగుతుంది.

నీళ్ళ గది: పాచి. మన హాస్టల్ కిటికీ కింద నువ్వు ఆరేసి నెల రోజులు మరిచిపోయిన మేజోళ్ళు. వానలో తడిసి, ఎండి, మళ్ళీ తడిసినవి. గొంతులో కూర్చుంటుంది, లేవదు.

బడి: మళ్ళీ తలలు, తడి చెప్పులు. కళ్ళకి ఏమీ తగల్లేదు. రెండుసార్లు చూశాను.

నాలుగో అంతస్తు: రియాంశ్ గారు స్నానం చేశారు. సబ్బు. ఇంత నీరసమైన వాసన ఈ అంతస్తులో ఎప్పుడూ లేదు.

మార్కు నువ్వు వెయ్యి. మర్యాద చేశావంటే చంపుతా.

అదే రోజు, మధ్యాహ్నం

బోమి జవాబు: "ఆరుంబావు. తొట్లది బాగా రాశావ్, మేజోళ్ళు నావి కాదు నీయి, సబ్బు దగ్గర బద్దకించావ్. రేపు సరిగ్గా రాయి."

ఆరుంబావట! ఏడున్నరకి తగ్గదు అది. రాత్రి లోపు దాంతో తేల్చుకోవాలి.